కవిప్రియకు మూడు సూదులు

చిరంజీవి గుణకు,

అమ్మ దీవెనలు. నేనూ మీ నాయనా ఒంటికి బాగానే ఉన్నాము. నువ్వు అక్కడ వేళకు తింటున్నావనుకుంటాను.

నీతో పనిచేసే దండపాణి చేతికిచ్చి పంపిన నీ ఉత్తరం అందింది. నాయన మోకాలి నొప్పి తగ్గింది. మళ్లీ మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటున్నాడు. తిరుత్తణి అంగడికి ఇవ్వాల్సిన చీర సగమైంది. నీకు తమిళమే సులువని తెలుసు, తెలుగు కూడబలుక్కుని చదువుతావు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. తిరుప్పూరులో నీ గదిలో ఉండేవాళ్లెవరూ ఇది చదవకూడదు. ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు.

"కవి ఎందుకు ఫోను తీయడం లేదు" అని ఒకే ఉత్తరంలో మూడుసార్లు అడిగావు. చెబుతాను.

మా ఆసుపత్రిలో గర్భవతులందరికీ చేసినట్టే మూడో నెలలో నా కోడలు కవిప్రియకూ రక్తపరీక్ష చేశాము. వేలు గుచ్చి, చుక్క తీసి, కిట్టు మీద వేసింది నేనే. సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉందని గీత పడింది. పెద్దాసుపత్రికి పంపిన రక్తంలోనూ అదే తేలింది. డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. తల్లికి పైకి ఏమీ కనబడకపోయినా జబ్బు కడుపులో బిడ్డకు పాకుతుందనీ, బిడ్డ దక్కకపోవచ్చనీ, వారానికొకటి చొప్పున మూడు పెన్సిలిన్ సూదులు వేసుకుంటే కాపాడుకోవచ్చనీ చెప్పింది. "మీ ఇంటాయనకూ పరీక్ష చెయ్యాల, సూది వెయ్యాల" అంది. కవి పొద్దుటి నుంచి ఏమీ తినలేదంటే, రేపు తిని సూదికి రమ్మంది.

ఆ మాటలన్నీ ఇరవై ఏళ్లుగా నర్సుగా నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పినవే. "ఇందులో సిగ్గేముంది తల్లీ" అని ఎంతమంది చేతులు పట్టుకున్నానో.

ఇంటికొచ్చాక తలుపు మూసి అడిగాను. "పెండ్లికి ముందు ఎవురితో తిరిగినావు?"

ఆ పిల్ల బిత్తరపోయింది. "నేను యాడ తిరుగుతానత్తా? నీ కొడుకు తప్ప నాకెవురు తెలుసు?"

"నా కొడుకు అట్లాంటోడు కాదు" అన్నాను.

తెల్లారేసరికి పూండి దగ్గర పుట్టింటికి వెళ్లిపోయింది. సూది పడలేదు. రిజిస్టరులో ఆమె పేరు పక్కన గడి ఖాళీగా ఉండిపోయింది. పన్నెండు రోజులు, గుణా. రోజూ డాక్టరమ్మ "నీ కోడలు వచ్చిందా రాజామణీ?" అని అడిగేది. నేను రిజిస్టరు మూసేదాన్ని.

ఇక, ఇంతసేపూ రాయలేకపోయిన మాట.

పెళ్లికి నెల ముందు నువ్వు సెలవు మీద వచ్చినప్పుడు, అన్నం కలుపుతుంటే నీ అరచేతులు చూశాను. రాగి రంగు మచ్చలు. అరికాళ్లలోనూ ఉన్నాయి. దురద లేదన్నావు. "అద్దకం కాడ రంగు నీళ్లు పడినాయిమా" అన్నావు. శిక్షణలో అచ్చం అలాంటి మచ్చల బొమ్మే నాకు చూపించారు. ఇంకొకరి కొడుకైతే ఆ రోజే రక్తం తీయించేదాన్ని. నిన్ను మా ఆసుపత్రికి తీసుకెళితే నా తోటివాళ్లు ఏమనుకుంటారోనని, మందుల షాపులో పూతమందు కొనిచ్చాను. కొన్నాళ్లకు మచ్చలు వాటంతటవే పోయాయి. మచ్చలు పోయినా జబ్బు పోదని నాకు తెలుసు. తెలిసీ నీకు పెళ్లి చేశాను. తెలిసీ ఆ పిల్లనే నిలదీశాను.

పదమూడో రోజు తిరువళ్లూరులో బస్సు మారి పూండి వెళ్లాను. వాళ్లమ్మ గడపలో అడ్డంగా నిలబడింది. ఆ వాకిట్లోనే మచ్చల సంగతి చెప్పేశాను. కవిప్రియ అరుగు మీద కూర్చుని అంతా వింది.

"అప్పుడే తెలుసునా అత్తా నీకు?"

"తెలుసు."

"నీ మొగం చూడబుద్ధి కాలా. కానీ బిడ్డ ఉండాది గదా. సూది యాడేస్తారో చెప్పు, పోదాం" అంది.

బస్సులో నా పక్కన కూర్చోలేదు. సూది నొప్పికి కళ్లనీళ్లు పెట్టుకుంది గాని, నేను చాచిన చెయ్యి పట్టుకోలేదు. రెండు సూదులు అయ్యాయి. మూడోది వచ్చే బుధవారం. వైద్యం వేళకే మొదలైందనీ, పుట్టాక బిడ్డకూ పరీక్ష చేస్తామనీ డాక్టరమ్మ అంది. కవి ఇంకా పుట్టింట్లోనే ఉంది. "ఆయన సూది ఏసుకున్న చీటీ చూపించినాకనే ఫోను తీస్తా" అంది. అది న్యాయమే.

నువ్వు ఎవరి దగ్గరికి వెళ్లావో నేనడగను. రేపే సెలవు పెట్టి అక్కడి ప్రభుత్వాసుపత్రికి పో. కవికి ఏం తేలిందో అక్కడి డాక్టరుకు దాచకుండా చెప్పు. సిగ్గుపడి ఆగొద్దు. నేను ఆగినందుకు ఏమైందో చదివావు కదా. ఎవరు పంపారని అడిగితే, మా ఊరి నర్సు అని మాత్రం చెప్పకు. చేయాల్సిన రోజున ఆ పని నేను చేయలేదు. మా అమ్మ పంపిందని చెప్పు.

ఇట్లు,
నీకూ నీ భార్యకూ ముఖం చూపలేని
అమ్మ,
రాజామణి