మృగం లోపల మా బావ

5వ తేదీ, గురువారం. ఉదయం 8:10

ఈ క్షణం నుంచి పది రోజులు నిజం తప్ప ఇంకోటి చెప్పను. రాయను. ఎవరి మీదా వేళాకోళం లేదు. వెనక నుంచి వచ్చి చెవిలో అరవడం లేదు. చీకటి హాల్లో టార్చి గడ్డం కింద పెట్టుకుని పళ్లికిలించడం అసలే లేదు!

కారణం కూడా రాసుకోవాలి. లేకపోతే నాలుగో రోజుకు నేనే మరిచిపోతాను.

మా బావ దర్జీ. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. పోయినేడాది ఒక సినిమా కంపెనీవాళ్లు వేరే గ్రహం మీది మృగానికి తోలు కుట్టమని పని ఇచ్చారు. రబ్బరూ స్పాంజీ జిప్పులూ కలిపి కుట్టాడు. అది తొడుక్కోవాల్సిన వస్తాదు పది నిమిషాలకే స్పృహ తప్పి పడ్డాడు. ఆ కొలతకు సరిపోయే మనిషి కుట్టినవాడొక్కడే మిగిలాడు. అలా యాభై మూడేళ్ల వయసులో బావ మృగమయ్యాడు. నలభై రోజులు. ముక్కు దురద పెడితే గోక్కునే దారి లేదు. ఆరు కిలోలు తగ్గి ఇంటికొచ్చాడు. ఆ కంపెనీ మాటెత్తితే అక్క ఇప్పటికీ గిన్నెలు చప్పుడయ్యేలా పెడుతుంది.

రేపు ఆ సినిమా మా హాల్లోనే విడుదల. టికెట్లు చింపి, టార్చి వేసి సీట్లు చూపించే ఉద్యోగం నాది. కంపెనీవాళ్లు ఇంకో భాగం తీస్తారట. మళ్లీ నువ్వే రావాలి, పదహారో తేదీలోగా మాట చెప్పు అన్నారట. నిన్న బావ వచ్చి కూర్చున్నాడు.

"ఒరేయ్, జనం జడుసుకుంటే వెళ్తాను. నవ్వితే మాత్రం ఆ సినిమాల తలుపు మూసేసి నా మిషను నేను తొక్కుకుంటాను. అన్ని ఆటలూ చూసేది నువ్వొక్కడివే. పుట్టాక ఒక్కసారైనా నిజం చెప్పరా."

"నా మీద అంత నమ్మకమా బావా?"

"నమ్మకమా పాడా! వేరే గతి లేదు."

అందుకే ఈ పుస్తకం. బయటికొచ్చే జనం ఏమంటే అది, అన్నది అన్నట్టు. తొమ్మిదో తరగతి దాకా చదివాను, ఆ మాత్రం రాయలేనా?

మా ఆవిడ ఇది చదివింది. "పది రోజులా? భోజనాల దాకా ఆగండి చాలు" అంది. అననీ.

6వ తేదీ, శుక్రవారం

మధ్యాహ్నం 2:40. మొదటి ఆట వదిలారు. హాలు నిండింది! బ్రహ్మాండం!

తెలియనివాళ్ల కోసం: ఇది ముందొచ్చిన సినిమాకు ముందు జరిగిన కథ. అందులో పాడుబడ్డ అంతరిక్ష నౌకలో ఒక ముసలి డాక్టరు, ఒక మృగం మాత్రమే మిగిలి ఉంటారు. ఇందులో ఆ డాక్టరు పడుచువాడు. మిగతావాళ్లు ఎలా పోయారన్నదే సినిమా.

అభిప్రాయాలు, అన్నవి అన్నట్టు:

కళ్లజోడాయన: "డాక్టరు చావడని నాకు ముందే తెలుసు. వాడి మీదికి మృగం దూకితే నేనెందుకు కంగారుపడాలి?"

ఆయన భార్య: "మిగతావాళ్లంతా చస్తారనీ తెలుసు. ఇంకెవరి మీద మమకారం పెంచుకోమంటారు?"

లెక్కల మాస్టారు: "రెండు కథల మధ్య పద్దెనిమిదేళ్లు. డాక్టరు మాత్రం నలభై ఏళ్లు ముదిరాడు. ఎవరికిచ్చారండీ లెక్క?"

కాలేజీ అమ్మాయిలు ఇద్దరు: "డాక్టరు జుట్టు సూపర్."

లావుపాటాయన: "ఏసీ బాగా పనిచేస్తోంది."

ఇంకొకాయన నన్నే అడిగాడు: "ఇది ముందు కథా? అయితే తర్వాతది ముందెందుకు తీశారు?" నన్నడిగితే? నేను టికెట్లు చింపేవాణ్ణి.

ఇక మృగం. సరిగ్గా గంటా పది నిమిషాలకు పొగలోంచి వస్తుంది. వచ్చింది. హాలంతా నవ్వింది. ముందు వరుసలో ఎవడో "వానలో తడిసిన పరుపురా!" అని కేక పెట్టాడు.

రాశాను. అక్షరం పొల్లుపోకుండా రాశాను.

సాయంత్రం 6:00. బావ ఫోను.

"నేను వచ్చేసరికి జనం ఏమన్నార్రా?"

"పెద్ద శబ్దం వచ్చింది బావా."

"ఎంత పెద్దది?"

"బాల్కనీ దాకా."

ఇందులో అబద్ధం ఎక్కడుంది? ఏ శబ్దమో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

7వ తేదీ, శనివారం. సాయంత్రం 5:30

మృగం రాగానే నలుగురు లేచి బయటికి వచ్చారు. ఒకరికి ఫోను. ఒకరికి పాప్‌కార్న్. ఇద్దరికి మూత్రశాల.

పుస్తకంలో: "భయంకర దృశ్యం నడుస్తుండగా నలుగురు బయటికి పరుగెత్తారు."

పరుగెత్తిన మాట నిజమే. అంత అవసరం వచ్చినప్పుడు ఎవరు మాత్రం నడుస్తారు?

8వ తేదీ, ఆదివారం

సెలవు రోజు. జనం బాగా వచ్చారు, బాగా నవ్వారు. పెన్నులో సిరా అయిపోయింది. (పెన్ను కొత్తదే. అది వేరే సంగతి.)

9వ తేదీ, సోమవారం. మధ్యాహ్నం 3:15

ఒకాయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు! కళ్లారా చూశాను! పుస్తకంలోకి ఎక్కించాను.

(పై జేబులో స్కూటర్ తాళం ఉందో లేదో తడుముకున్నాడు. చెయ్యి గుండె మీదే ఉంది కదా మరి?)

10వ తేదీ, మంగళవారం

మొదటి ఆటకు పదకొండు మంది. నేను రాసిన అభిప్రాయాలు ఇరవై ఆరు. అన్నీ మంచివే. ఒకదాన్లో ఒక వృద్ధుడు "నా ఆయుష్షులో ఇంత దడ పుట్టలేదు" అన్నాడు. ఆ వృద్ధుణ్ణి నేనే పుట్టించాను. ఎంత చక్కగా మాట్లాడతాడో!

సాయంత్రం దుకాణానికి వెళ్లి బావకు చదివి వినిపించాను.

"పదకొండు మందే వచ్చారన్నావు. ఇరవై ఆరు అభిప్రాయాలెక్కణ్ణుంచి వచ్చాయిరా?"

"కొందరికి రెండు మూడుంటాయి బావా. చదువుకున్నవాళ్లు."

నమ్మేశాడు. అదీ నా గుండెలో గుచ్చుకున్నది. నమ్మడమే కాదు, మిషను పక్కకు జరిపి, వంగి, చేతులు నేలకు ఆనించి గుర్రుమన్నాడు. ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చిన పోస్ట్‌మాన్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత బావ ముఖంలో ఆ వెలుగు చూశాను.

అక్క లోపల గిన్నె పెట్టిన చప్పుడు వీధి చివరికి వినిపించి ఉంటుంది.

వచ్చేటప్పుడు బావ అన్నాడు: "శనివారం మ్యాట్నీకి మీ అక్కతో వస్తున్నా. ఆ కేకలేవో నా చెవులారా వింటాను."

అయిపోయాను.

11వ తేదీ, బుధవారం

నిజం చెప్పేద్దామా? చెప్పేద్దాం. రేపు.

12వ తేదీ, గురువారం

నిజం చెప్పడానికి బయల్దేరాను. హాలు మెట్ల కింద నేల తుడిచే మాప్ కర్ర కనిపించింది. తడిగా ఉంది. దాని దారాలు చల్లగా, జిడ్డుగా, పొడుగ్గా...

ఇది వేళాకోళం కాదు. వైద్యం లాంటిది. జనానికి భయం లోపల ఉండే ఉంటుంది, బయటికి రావడానికి కాస్త చేయూత కావాలి.

13వ తేదీ, శుక్రవారం

మధ్యాహ్నం 3:12. ఎఫ్ వరుస వెనక నేల మీద బోర్లా పడుకున్నాను. పొగలోంచి మృగం వచ్చింది. నేను సీట్ల కింద నుంచి కర్ర తోశాను. ఒక బీమా ఏజెంటు పిక్కలకు తడి దారాలు తగిలాయి.

ఎంత కేక! పక్కవాడు ఆ కేకకు జడుసుకుని కేక! ఆ ఇద్దరికీ జడుసుకుని వరుస వరుసంతా!

సాయంత్రం ఆటకు కూడా అంతే. అభిప్రాయాలు రాయడానికి పేజీ చాలలేదు. కల్పించే పనే లేదు, అన్నీ అచ్చం వాళ్ల నోటి మాటలే! బీమా ఏజెంటు అయితే "తెరలోంచి వచ్చి తాకిందండీ" అని నలుగురికి చెప్పి, మళ్లీ టికెట్ కొన్నాడు.

మేనేజరు గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు. "అందరూ చూసేది ఒకే సినిమా కదయ్యా. ఎఫ్ వరుసకే ఎందుకింత భయం?"

"అక్కణ్ణుంచి తెర సరిగ్గా కనిపిస్తుంది సార్."

నిర్ణయం సంగతి అడగకండి.

14వ తేదీ, శనివారం. సాయంత్రం 7:00

నింపాదిగా రాస్తాను. కుడిచెయ్యి వాచింది.

బావ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. ఎవరైనా గుర్తుపడతారేమోనని తలకు టోపీ. ముఖమే కనిపించని వేషంలో మనిషిని ఎవరు గుర్తుపడతారు? ఆ మాట అనలేదు. ఆయన్నీ అక్కనీ చివరి వరుసలో కూర్చోబెట్టాను. గంటా ఎనిమిది నిమిషాలకు కర్ర తీసుకుని నేల మీదికి దిగాను. ఈసారి ఎఫ్ వరుస చాలదు, హాలంతా దద్దరిల్లాలి. చివరి వరుస నుంచే మొదలుపెడదామని పాకాను.

చీకట్లో సీట్ల లెక్క తప్పింది. చెయ్యి మీద కాలు పడింది. ఆ బరువు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

అక్క వంగి గుసగుసగా అడిగింది: "తడిగుడ్డతో నా కాళ్లు తుడవమని నిన్నెవడు పిలిచాడురా?"

"అక్కా, చెయ్యి."

"ఉండనీ. నువ్వు చదివిన కేకలన్నీ ఇవేనా? కదిలావో, లేచి నిలబడి లైట్లు వేయిస్తాను."

మృగం వచ్చింది. కేక లేదు. హాలు నవ్వింది. ఎవడో ఈల వేశాడు. మరొకడు "పరుపు వచ్చిందిరోయ్!" అన్నాడు.

నా తల పక్కనే బావ బూట్లు. అవి కాసేపు కదలలేదు. తర్వాత లేచి, చప్పుడు చేయకుండా బయటికి నడిచాయి.

అక్క కాలు తీయలేదు. అందువల్ల సినిమా ఆఖరు దాకా అక్కడే పడి ఉన్నాను. చివరి పది నిమిషాలు నేనెప్పుడూ హాల్లో ఉండను. తలుపులు తీసి, పార్కింగ్ గొలుసు విప్పే పని ఉంటుంది. తొమ్మిది రోజుల్లో ఈ ఆఖరు చూడటం ఇదే మొదలు. సీట్ల సందులోంచి చూశాను.

తెర మీద మిగతావాళ్లంతా పోయారు. డాక్టరు ఒక మూల గదిలో దాక్కుని తలుపు వేసుకున్నాడు. మృగం ఆ తలుపు ముందు నిలబడి, కొట్టబోయి, ఆగిపోయింది. గోడకు చేరగిలబడి కూర్చుంది. మోకాళ్ల మీద మోచేతులు. తల వంచుకుని, చేతి వెనక భాగంతో నుదురు తుడుచుకుంది. అంతే. అలా చాలాసేపు.

హాల్లో ఒక్కడు నవ్వలేదు. మా ముందు వరుసలో ఒకావిడ "అయ్యో, ఇక దీనికెవరున్నారు?" అంది. ఎవరో ముక్కు చీదారు. నా చెయ్యి మీద బరువు పోయింది. తలెత్తి చూస్తే అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

జనం మాట్లాడకుండా వెళ్లిపోయారు. ముందు వరుస ఆవిణ్ణి అడిగాను, ఎలా ఉందమ్మా అని. "ఏముంది, కంట్లో నలుసు" అని విసుక్కుంది. రోజూ ఇలా వెళ్లినవాళ్లెందరో! గట్టిగా నోరు విప్పినవాళ్లనే నేను జనం అనుకున్నాను.

బావ సైకిల్ స్టాండులో కూర్చున్నాడు. టోపీ ఒళ్లో ఉంది.

"రోజూ నవ్వారు కదరా?"

"నవ్వారు బావా. ప్రతి ఆటకూ. నిన్నటి కేకలు మాప్ కర్రవి. పుస్తకంలో ముసలాయన నేను కల్పించినవాడు." ఊపిరి పీల్చుకున్నాను. "కానీ ఆఖర్లో నువ్వు కూర్చున్నావే, అప్పుడు ఒకావిడ ఏడ్చింది. హాలంతా గప్‌చుప్."

బావ నా వంక చూసి నవ్వడం మొదలుపెట్టాడు. బాధగా నవ్వాడు. "ఇంకా ఆపవట్రా? మృగాన్ని చూసి ఏడ్చిందా! ఎవరు, ఆ ముసలాయన పెళ్లామా?"

"ఒట్టు బావా!"

"నీ ఒట్టు ఎవడిక్కావాలిరా?"

ఒక్కసారి నిజం చెబితే దాన్ని నమ్మించడానికి నా దగ్గర ఒక్క మనిషి లేడు. అక్క వైపు చూశాను. ఆయన వెళ్లకూడదన్నదే ఆమె కోరిక. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, బావ సోమవారం నుంచి మిషను దగ్గరే ఉంటాడు. అక్కకూ ఆ సంగతి తెలుసు. ఒక సైకిల్ గంట మీద దుమ్ము వేలితో తుడిచింది. రెండో గంట కూడా తుడిచింది.

"వాడు చెప్పింది నిజమే" అంది చివరికి. "నేనూ ఏడ్చాను. సాయంత్రం మిషను ఆపాక మీరు కూర్చుంటారే, అచ్చం అలాగే."

బావ నడుము తడుముకున్నాడు.

"అది నటన కాదే. నడుము పట్టేసి కూలబడ్డాను. వాళ్లు కెమెరా ఆపలేదు."

"తెలుస్తూనే ఉంది" అంది అక్క. "ఈసారి మెడ దగ్గర అంగుళం వదులు పెట్టి కుట్టండి."

16వ తేదీ, సోమవారం

బావ కంపెనీకి మాట ఇచ్చాడు. నా పది రోజులు నిన్నటితో అయిపోయాయి. అందులో నిజం చెప్పింది ఒక్క సాయంత్రం, అదీ చెయ్యి వాచాక.

30వ తేదీ, సోమవారం. మళ్లీ మొదటి రోజు!

ఉదయం 7:00. కొత్త పుస్తకం, కొత్త పెన్ను. బావ తిరిగొచ్చేదాకా, అంటే నలభై రోజులు, నిజం తప్ప ఇంకోటి చెప్పను. ఈసారి అనుభవం కూడా ఉంది!

7:40. బస్టాండు. బావ కిటికీలోంచి తల బయట పెట్టి పిలిచాడు. "ఒరేయ్, కొత్త తోలు లోపల చిన్న ఫ్యాను పెట్టారని మీ అక్కతో అన్నాను. అడిగితే అవునను."

"పెట్టారా?"

"ఎక్కడ పెడతారు? నేనే సరిగ్గా పట్టను."

8:05. అక్క ఫోను.

"తోలు లోపల ఫ్యాను పెట్టారటగా, నిజమేనా?"

"నిజమే అక్కా."

"ఎన్ని?"

"రెండు."

అవతల గిన్నె చప్పుడయింది.

"ఒకటైనా ఉందేమో అనుకున్నాను. నువ్వు రెండన్నావంటే ఒక్కటీ లేదన్నమాట. సరేలే, బట్టల సంచి అడుగున విసనకర్ర పెట్టాను. తోలు విప్పినప్పుడల్లా విసురుకోమని చెప్పు."

8:10. నిర్ణయం రేపు ఉదయం నుంచి మొదలు. ఈసారి ఫోను ఎత్తేది మా ఆవిడ.