బావ బండికి గాలి యంత్రం

ఆదివారం, రాత్రి

పటమట వాస్తవ్యులందరూ లేచి నిలబడవలెను. మా బావ మోటారుసైకిల్ టైర్లలో గాలి ఈ రోజు నుంచి దేశ సమస్య అయినది.

అక్క మొగుడు కొత్తగా గాలి చూసే యంత్రం పెట్టించాడు. టైర్లకు గాలి కొట్టే పిన్నుల మీద గాలి కొలిచే రెండు మూతలు, హ్యాండిల్ మీద చిన్న తెర. వైరు లేకుండానే ఏ టైరులో గాలెంతో తెర చెబుతుంది. నాలుగు రోజులుగా వీధంతా చూపిస్తున్నాడు. పొద్దున ఆయన కాఫీ తాగుతుంటే ముందు మూత వెనక్కీ, వెనక మూత ముందుకీ మార్చేశాను.

ముందు టైరులో గాలి ఎక్కువైందంది తెర. బావ కొంత తీసి మూత బిగించాడు. తెర మీద వెనక గాలి తగ్గింది!

"ఇదేంట్రా, ముందు తీస్తుంటే వెనక తగ్గుద్ది?"

"లోపల గొట్టం ఉంటదండి బావగారూ. ఇంకాస్త తీసి చూడండి."

తీశాడు. ముందు టైరు అప్పడమైంది. అంతలో అక్క పట్టుచీర కట్టుకొచ్చింది, గుడివాడలో పెళ్లికని. ఆ టైరుతో వెళితే దారిలో ఇద్దరూ పడతారు. వెంటనే తప్పు ఒప్పుకుని, మూతలు సరిచేసి, గాలి కొట్టించాను. క్షేమంగా వెళ్లొచ్చారు.

తప్పు ఒప్పుకున్నానని రాశానే, అది పచ్చి అబద్ధం. "బండికి దిష్టి తగిలింది, నిమ్మకాయ తిప్పుతాను, మీరు అటు తిరగండి" అని చెప్పి మూతలు మార్చాను. ఆ పెళ్లిలో బావ అందరికీ దిష్టి తియ్యడంలో నా చెయ్యి గొప్పదని చెప్పాడట. రేపు ఎదురింటాయన దిష్టి తియ్యమని తన స్కూటర్ తెస్తున్నాడు. దానికి ఇంజనే పనిచెయ్యదు.