నాయన వేసిన ముడి

బద్వేలు,
మంగళవారం.

వీరేంద్రన్నకు,

నాయన సరదాగా బొంగరాలు చేసుకున్న లేత్ మిషన్‌ను పాత ఇనుముకు అమ్మేయమని ఫోన్‌లో అన్నావు. మగ్గం నేసే నాయన కరెంటు తీగల్లో చేయి పెట్టి మోటారు కాల్చేశాడని నీ కోపం. మోటారు కాలలేదన్నా.

నిన్న ప్లగ్గు పీకి మూత విప్పాను. తీగలన్నీ పైకి బాగానే ఉన్నాయి. నాయన మగ్గం దగ్గర అనే మాట గుర్తొచ్చింది: "తెగిన పోగును కండ్లతో యెతికితే యాడ దొరుకుతాదమ్మీ? యేళ్లతో తడుము." తడిమితే ఒకచోట తీగ మెత్తగా వంగింది. పైన రబ్బరు అలాగే ఉంది, లోపల రాగి తెగింది. పక్కనే టేపు కింద నాయన పాత అతుకు. నూలు పోగుకు వేసినట్టే రాగికీ ముడి వేశాడు! నవ్వొచ్చింది. తర్వాత ఆ ముడిని కూడా వేళ్లతో తడిమాను.

ముడితో సహా ఆ తెగిన ముక్క కత్తిరించి కొత్త తీగ వేశాను. మిషన్ తిరిగింది. మన చిన్నప్పటిలా షెడ్డంతా కొయ్యపొడి వాసన.

తీగకు అలా ముడి వేయకూడదు, నిజమే. కానీ తెగింది ముడి దగ్గర కాదు. ఆ ముడిని ఈ కవరులో పెట్టాను, గట్టిగా లాగి చూడు. ఊడితే మిషన్ అమ్మేద్దాం.

నీ చెల్లెలు