మిషన్ గది తలుపు

జులై 3, గురువారం

ఈ రోజు కూడా మిషన్ ఆపేశాను. ఒక జాకెట్టుకి చేతులు కుట్టేలోపే మా ఆయన తౌసిఫ్ తల పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అరవడు. అరిస్తే నయం.

తడలో తను పనిచేసే కంపెనీ నుంచి వస్తూ హైవే మీద బండి పడి నాలుగు నెలలైంది. చెవులు బాగానే ఉన్నాయట. దెబ్బ తిన్న తలే శబ్దాన్ని ఓర్చుకోలేకపోతోందని డాక్టర్ అన్నాడు. ఎన్నాళ్ళు అంటే చెప్పలేమన్నాడు.

ఆయన్ని ఒంటరిగా వదిలి బయట పనికి పోలేను. కుట్టకపోతే ఇల్లు గడవదు. ఉన్నవి రెండు గదులు. మధ్యలో ఒక తలుపు.

జులై 5

యూట్యూబ్ చూసి తలుపు నిండా కోడిగుడ్ల అట్టలు అంటించాను. ఏమీ తగ్గలేదు. తౌసిఫ్ వాటిని చూసి నవ్వబోయాడు. నవ్వితే కూడా నొప్పేమో, ఆగిపోయాడు.

జులై 8

కార్పెంటర్ ముత్యాలయ్యన్న వచ్చి తలుపు మీద వేలితో మెల్లగా తట్టి చూశాడు. "ఇది లోపలంతా డొల్లమ్మా. చప్పుడు ఆగాలంటే బరువుండాల. సందుండకూడదు. గాలి దూరే చోటల్లా అదీ దూరతది" అన్నాడు. తలుపు కింద రెండు వేళ్ళ సందు ఉంది. ఇన్నాళ్ళూ నా కంట పడనేలేదు.

కొత్తది కొనే మాట లేదన్నాను. ఉన్నదాన్నే బరువు చేద్దామన్నాడు.

జులై 11

ఇంట్లో సుత్తి దెబ్బలు వద్దని అన్న తలుపు ఊడదీసి తన షెడ్డుకి మోసుకుపోయాడు. బర్రెల కొట్టంలో పరిచే పాత రబ్బరు మ్యాట్ ఒకటి ఎక్కడో సంపాదించాడు. పేడ వాసన పోయేదాకా మూడుసార్లు కడిగిచ్చాను. దాన్ని తలుపుకి బిగించి పైన ప్లైవుడ్ వేస్తాడట. అంచులకి సైకిల్ ట్యూబు పట్టీలు నేనే కోశాను. కత్తెర అలవాటైన చేయి. ఒక్కటీ వంకర పోలేదు.

జులై 13, ఆదివారం

ఆదివారం కాబట్టి తౌసిఫ్ వాళ్ళక్క పనికి పోకుండా తన ఇంట్లోనే ఉంది. ఆయన్ని అక్కడ కూర్చోబెట్టి వచ్చి తలుపు బిగించాము. బరువుకి పాత రెండు బందులు ఆగలేదు, మూడోది వేశాడు. కింద సందు మూసేలా చెక్క కొట్టాడు. తర్వాత అన్న లోపల కూర్చుని మిషన్ తొక్కాడు. నేను బయట నిలబడ్డాను. ఎక్కడో పక్క వీధిలో ఎవరో కుడుతున్నట్టుంది, అంతే.

ఏడుపొచ్చింది.

జులై 15

తొమ్మిది జాకెట్లు. తౌసిఫ్ మధ్యాహ్నం నిద్రపోయాడు. నాలుగు నెలల్లో మొదటిసారి.

జులై 16

పది. ఈ రోజూ పడుకున్నాడు. పక్కింటామెకి కూడా చెప్పాను.

జులై 22, సాయంత్రం 4

ఈ రోజు ఇక కుట్టను. కూర్చుని రాస్తున్నాను.

పదకొండింటికి లోపలికి పోయాను. స్కూలు యూనిఫారాల ఆర్డరు, తల ఎత్తలేదు. రెండింటికి తలుపు తీయబోతే రాలేదు. గట్టిగా తోశాను. అడ్డంగా తౌసిఫ్ ఉన్నాడు. పెదవి చిట్లింది, మోకాలు వాచింది. నీళ్ళ కోసం లేచి కళ్ళు తిరిగి పడ్డాడట. తలుపు దాకా పాక్కుంటూ వచ్చాడట. పిలిచాడట. కొట్టాడట.

నా చప్పుడు బయటికి పోకూడదనే చూశాను. ఆయన పిలుపు లోపలికి రాదని ఒక్కసారి కూడా తట్టలేదు.

ఎంతసేపు పిలిచావంటే, నీళ్ళిమ్మన్నాడు.

జులై 23

తలుపు పీకించేస్తానన్నాను. వద్దన్నాడు. బండి పడ్డాక ఆయన ఇంత మాట్లాడటం ఇదే మొదలు.

"మిషన్ చప్పుడికి తలలో మేకులు దిగినట్టుంటది సాహిరా. అది లేకపోతే నువ్వు ఉండావో లేవో తెలీడంలా. పగలు నేను నిద్రపోవడంలా. నువ్వు సంతోషపడతా ఉండావని కళ్ళు మూసుకుని పడుకుంటా ఉండా."

జులై 24

తలుపు జానెడు తెరిచి ఉంచమన్నాడు. పది నిమిషాలు కుట్టాను. చాలన్నాడు, మూశాను. మూసి ఉన్నంతసేపూ మాటిమాటికీ లేచి పోయి చూస్తూనే ఉన్నాను. పని సగానికి పడిపోయింది. పడిపోనీ.

జులై 31

జానెడు. పద్నాలుగు నిమిషాలు.

ఆగస్టు 19

తలుపు మొత్తం తీసి, కుర్చీ లాక్కుని గుమ్మంలో కూర్చున్నాడు. జాకెట్టు సగంలో ఉండగా ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. కాలు ఆపాను.

"కుట్టు" అన్నాడు.