పోతురాజు మామ తోటకు పూత రాలేదు

ముంచింగిపుట్టు,
20 ఏప్రిల్ 1978.

మహా ఘనత వహించిన పోతురాజు మామ గారికి, వరసకు మీ చెల్లెలైన చిట్టెమ్మ కొడుకు సోములు సాష్టాంగపడి రాయునది. ఇక్కడ మేం క్షేమం. మీ తోట తప్ప మీరంతా క్షేమమని తలుస్తాను.

ముందుగా క్షమాపణ. పెద్దల కడుపు మండించే ఈ ఉత్తరం రాస్తున్నందుకు, బి.ఎస్సీ. చదివినందుకు, అసలు పుట్టినందుకు కూడా మన్నించాలి.

పుష్యమాసంలో మీరు కొండ మీంచి దిగే గెడ్డకు అడ్డంగా మట్టికట్ట వేసి నీళ్లన్నీ మీ కాఫీ తోటకు మళ్లించుకున్నారు. వంతుల ప్రకారం మాకూ వదలమని అమ్మ మీ గుమ్మంలో నిలబడి బతిమాలింది. "సిట్టెమ్మా, నీకు నీలెందుకే? మొక్కల మొదట్లో కూకోని యేడు, అవే తడుస్తాయి" అన్నారు. మీ అరుగు మీదివాళ్లంతా నవ్వారు. జోకులంటే ప్రాణమిచ్చే నాకు ఆ ఒక్కదానికి మాత్రం నవ్వు రాలేదు.

అమ్మ ఏడవలేదు. రాలిన ఆకులు ఏరి మొక్కల మొదళ్లకు కప్పి, ఉన్న కాస్త చెమ్మనూ కాపాడుకుంది. మొన్నామధ్య వాన పడింది. వారం తిరక్కుండా మా తోట కొమ్మకొమ్మా తెల్లబడింది. తేనెటీగల గోలకు అమ్మ పిలిచినా వినపడటం లేదు. మీ తోట మాత్రం మేకల విందుకు పెంచినట్టు ఆకులతో నిగనిగలాడుతోందట, పువ్వు లేదట!

అంతటితో ఊరుకోక సంతలో మీరు, "సిట్టెమ్మ సిల్లంగి పెట్టీసింది, పంచాయితీ పెట్టి ఊరు ఒగ్గించేత్తాను" అంటున్నారట. చేతబడి చేసిందన్న పేరు పడిన ఆడదాన్ని మన ఊళ్లు ఏం చేస్తాయో మీకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

మంత్రమూ లేదు, తంత్రమూ లేదు మామా. కాఫీ మొగ్గ కొన్నాళ్లు దాహంతో మాడాలి. ఆ తర్వాత తడి తగిలితేనే విచ్చుకుంటుంది. ఆపకుండా తాగిస్తే ఆకు వేస్తుంది, పూత వెయ్యదు. మీరు దొంగిలించిన నీళ్లే మీ పూతను మింగాయి. పంచాయితీ తప్పకుండా పెట్టించండి. ఇదే మాట అందరి ముందూ చెబుతాను. ఈలోగా అమ్మకు క్షమాపణ చెప్పుకోవడం ప్రాక్టీసు చేసుకోండి.

మీకూ, మీ కట్టకూ సదా విధేయుడు,
సోములు.

తా.క. మాఘంలో మీ కట్టకు గండి పడి నీళ్లు మళ్లీ మా వైపు వచ్చాయి, గుర్తుందా? మీరు చూసేసరికి అది పూడి ఉంది. మీ పాలేరు సుక్రు పూడ్చాడనుకుని వాడికి కోడిపుంజును బహుమతి ఇచ్చారు. సుక్రు ఆ రోజు ఊళ్లోనే లేడు. పూడ్చింది నేను. ఒక్క చుక్క కూడా ఇటు రాకుండా, కాళ్లతో తొక్కి మరీ పూడ్చాను.