నిన్నటి రొట్టెల మలీద

అక్కా,

ఫోన్లో ఈ మాట నోట రాదు, అందుకే రాస్తున్నాను. మా గృహప్రవేశానికి నవీపేట నుంచి నువ్వు తెచ్చిన మలీద డబ్బాను నేను బియ్యం బస్తా వెనక దాచాను. చుట్టాలకు ఎందుకు పెట్టలేదని నువ్వు అడగలేదు. అదే నాకు మింగుడు పడటం లేదు.

చిన్నప్పుడు అవ్వ మిగిలిన జొన్నరొట్టెలు నలిపి, బెల్లం కలిపి మలీద ముద్దలు కడితే, పెద్ద ముద్ద కోసం మనం కొట్టుకునేవాళ్లం. ఆ ముద్దలే మా అత్తమ్మ చూస్తే ఏమనుకుంటుందోనని భయపడ్డాను.

మర్నాడు డబ్బా ఆమెకే దొరికింది. ఒక ముద్ద తిని, "గిది ఏడిది?" అంది.

"దుకాణంల కొన్న అత్తమ్మా" అన్నాను.

ఆమె ఇంకో ముద్ద తీసుకుంది. "మా అవ్వ గూడ గిట్లనే చేసేది. నిన్నటి రొట్టెలు ఏ దుకాణంల అమ్ముతరు బిడ్డా?"

అప్పుడు నీ పేరు చెప్పాను. ఆదివారం నిన్ను పిలవమంటోంది. వస్తావా?

నీ డబ్బా కడిగి ఉంచాను. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వొద్దని అవ్వ అనేది. అందులో ఏం పెట్టి ఇవ్వాలో నాకు తోచడం లేదు.

నీ చెల్లె