ధర్మయ్య లైసెన్సు తిరిగి ఇచ్చి నాది తీసుకోవలసిందిగా మనవి

ట్రాఫిక్ చలాన్ల విచారణాధికారి గారి సముఖమునకు,
ఢిల్లీ.

అయ్యా,

విషయం: అతివేగం నేరంపై శ్రీ ధర్మయ్య డ్రైవింగ్ లైసెన్సును మూడు నెలలు నిలుపుదల చేసిన ఉత్తర్వు – ఆ సమయంలో కారు నడిపినది నేనే అని తెలియజేయుట – ఉత్తర్వును రద్దు చేయవలసిందిగా కోరుట – గురించి.

సూచిక: ఇదే విషయమై ధర్మయ్య పేరున తమ కార్యాలయానికి అందిన అర్జీ. దాన్ని రాసినదీ నేనే.

కింద సంతకం చేసిన సుందరరామయ్య అను నేను, వయస్సు యాభై ఎనిమిది, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని, హోదా సెక్షన్ ఆఫీసరు, నివాసం గాజియాబాద్ జిల్లా వైశాలి, సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. గత అక్టోబరు పద్నాలుగవ తేదీ మంగళవారం ఉదయం ఎనిమిది గంటల యాభై రెండు నిమిషాలకు, గంటకు యాభై కిలోమీటర్ల పరిమితి గల రోడ్డుపై ఎనభై మూడు కిలోమీటర్ల వేగంతో పోయిన తెల్ల కారు నాది. నడిపినదీ నేనే. కారులో ఇంకెవరూ లేరు. తొమ్మిదింటికి ఆఫీసులో హాజరు వేలిముద్ర వేయాలన్నది తప్ప నాకు వేరే తొందర ఏదీ లేదు.

2. అది ఆ ఏడాదిలో నా మూడవ చలాను. మొదటి రెండూ కట్టేశాను. ఒకే కారుపై మూడవదానికి, నడిపినవారి లైసెన్సు నిలుపుదల కావచ్చునని నోటీసులో ఉంది. అప్పటికి నా పదోన్నతి ఫైలు పైకి కదులుతోంది. పోలీసు ఉత్తర్వు ఒకటి అందులో చేరితే ఏమవుతుందోనని భయపడ్డాను. కారు వేరొకరు నడిపి ఉంటే వారి పేరు, లైసెన్సు నకలు, సంతకం జతచేసి తెలపవచ్చునని అదే నోటీసులో కింద ఇంకొక వాక్యం ఉంది. ముప్పై మూడేళ్లుగా నోటీసులలో కింది వాక్యాలు చదవడమే నా ఉద్యోగం.

3. ధర్మయ్య పాలమూరు మనిషి. ఇరవై ఏళ్ల కిందట మేస్త్రీ వెంట కట్టడం పనికి ఢిల్లీ వచ్చాడు. తర్వాత డ్రైవింగు నేర్చుకుని, నోయిడాలో ఒక కంపెనీ ఉద్యోగులను క్యాబులో చేర్చే పనిలో కుదురుకున్నాడు. ఆదివారాలు మాత్రం మా ఇంటికి వచ్చి, మోకాళ్ల నొప్పులున్న నా భార్య కృష్ణకుమారిని నా కారులో గుడికీ బజారుకీ తీసుకెళ్లేవాడు. పనిలో పెట్టుకున్న రోజున అతని లైసెన్సు నకలు తీయించి నా దగ్గర ఉంచుకున్నాను. మా జాగ్రత్త కోసమని కృష్ణకుమారితో అన్నాను.

4. ఒక ఆదివారం గుడి నుంచి వచ్చాక అతని ముందు ఇంగ్లీషు కాగితం ఒకటి పెట్టాను.

"ఏం కాయితం సార్ ఇది?"

"కారు ఇన్సూరెన్సుది. నువ్వూ నడుపుతావు కదా, నీ పేరు ఉండాలట."

"మీరు చెప్తే ఇంకేంది సార్," అని తెలుగులో సంతకం చేశాడు. అక్టోబరు పద్నాలుగున కారు నడిపినది తానేనని ఆ కాగితంలో ఉంది. కృష్ణకుమారి ఇచ్చిన టీ తాగి, కప్పు తనే కడిగి బోర్లించి, సెలవు తీసుకుని వెళ్లాడు. ఆ కాగితాన్ని ఆ సాయంత్రమే ఆన్‌లైనులో తమకు పంపాను.

5. ఆపై జరిగినది తమ రికార్డులలో ఉంది. ధర్మయ్య లైసెన్సు మూడు నెలలు నిలిచిపోయింది. ఆ మరునాడే కంపెనీ అతన్ని పని నుంచి తప్పించింది. తమ ఉత్తర్వు పట్టుకుని అతను నేరుగా నా దగ్గరకే వచ్చాడు. ఆ ఉత్తర్వులో చలాను నంబరు ఉంది గానీ కారు నంబరు లేదు.

"సార్, ఇది జర చదువుండ్రి. లైసెన్సు బంద్ పెట్టిండ్రంట. నేనేం జేసిన సార్? బండి అరవై దాటితెనే కంపెనీ ఫోను మొత్తుకుంటది. నేనెట్ల పోత స్పీడు?"

నేను అప్పుడైనా చెప్పవలసింది. "కెమెరాలు పొరపాట్లు చేస్తుంటాయి ధర్మయ్యా. అర్జీ పెడదాం," అన్నాను.

"మీరు రాస్తే పనైతది సార్. మా బిడ్డ కాలేజీ కాయితాలు మీరు రాసినంకనే గదా కదిలినై."

6. అలా తమకు అందినదే సూచికలోని అర్జీ. అందులో అయిదు ఫిర్యాదులు రాశాను. డెబ్బై కిలోమీటర్ల వేగపరిమితి ఉన్నట్టుండి యాభై అవుతుందనీ, వేగపరిమితి బోర్డు వేపకొమ్మల చాటున ఉందనీ, కుడి వరుసలో యాభైతో పోతే వెనుక లారీలవాళ్లు హారను కొట్టి చంపుతారనీ, చలాను కబురు తొమ్మిది రోజులకు గానీ రాదు గనుక ఆలోగా అదే మనిషి అదే తప్పు తొమ్మిదిసార్లు చేస్తాడనీ, కెమెరా లెక్కే నమ్మదగినది కాదనీ. భాష కుదిరిందని చదువుకుని సంతోషించాను కూడా.

గత వారం మెట్రో దిగి ఆ రోడ్డు వెంట నడిచి చూశాను. వేపచెట్టు ఉంది. బోర్డు దానికి ఇరవై గజాల ముందే ఉంది, బాగా కనిపిస్తోంది. లారీల సంగతి, కబురు ఆలస్యంగా వచ్చే సంగతి నిజమే. వాటికి కారు నడిపే ప్రతివాడూ విసుగుతాడు, నేనూ విసిగాను. కానీ ఆ విసుగు నాది. దాన్ని ఏ తప్పూ చేయని మనిషి పేరున తమకు పంపాను. ఆ అర్జీని ఉపసంహరించుకుంటున్నాను.

7. ధర్మయ్య కూతురు ఇంద్రజ ధౌలా కువాన్ దగ్గరి కాలేజీలో బీకాం చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది హిందీ. ఆ పిల్ల చలాను నంబరును ఫోనులో కొట్టి చూసింది. కెమెరా తీసిన ఫొటో వచ్చింది. తండ్రిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి, ఫోను నా ముందుకు చాపింది.

"అంకుల్, యే గాడీ ఆప్‌కీ హై న?"

నా కారే, నంబరుతో సహా కనిపిస్తోంది. మంగళవారం ఆ సమయానికి పాపా నోయిడాలో ఉన్నారనీ, ఎవరిని ఎక్కడ దించారో కంపెనీ యాప్‌లో నిమిషాలతో సహా ఉందనీ హిందీలో నెమ్మదిగా చెప్పింది. గొంతు పెంచలేదు.

నేను నోరు తెరిచేలోపే ధర్మయ్య లేచాడు. "చుప్! ఎవరితోని మాట్లాడుతున్నవో ఎరుకేనా? సార్ బండిని పట్టి నా పేరు రాసిండ్రు వాళ్లు. అందుకే గదా సార్ అర్జీ పెట్టింది. సార్‌కు సారీ చెప్పు."

"పాపా, మగర్..."

"చెప్పు ముందుగాల!"

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. నేను ఫోను వంక చూశాను. "సారీ అంకుల్," అంది.

"పర్వాలేదమ్మా," అన్నాను.

అయ్యా, ఎనభై మూడు కిలోమీటర్ల వేగానికి తమ వద్ద సెక్షను ఉంది. తప్పుడు వాంగ్మూలానికీ ఉంది. ఆ "పర్వాలేదమ్మా"కు ఏ సెక్షను వర్తిస్తుందో ఎంత వెతికినా నాకు కనబడలేదు.

8. వాళ్లు వెళ్లాక కృష్ణకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది: "ఏవండీ, ఆ మంగళవారం కారు తీసుకెళ్లింది మీరే కదూ?"

"ఆఫీసు వ్యవహారాలు నీకు తెలియవులే," అన్నాను. మరుసటి ఆదివారం నాతో చెప్పకుండా ఆటోలో గుడికి వెళ్లింది. వచ్చాక మెట్ల దగ్గర చేయి అందించబోతే, గోడ పట్టుకుని ఎక్కింది.

9. పని దొరకక ధర్మయ్య మా సొసైటీలోనే కార్లు కడిగే పనికి చేరాడు. పొద్దున్నే ఇరవై రెండు కార్లు. డిసెంబరు చలిలో, పంపు నీళ్లతో. నా కారు ఆ జాబితాలో లేదు. అయినా రోజూ కడిగేవాడు. అర్జీ రాసి పెట్టినందుకు తాను చేయగలిగింది ఇదేనని కాపలావాడితో అన్నాడట.

అది విన్న మరునాడు కిందికి దిగాను. అతను నా కారు అద్దం తుడుస్తున్నాడు. "ధర్మయ్యా, నేను సంతకం పెట్టించుకున్న కాగితం ఇన్సూరెన్సుది కాదు," అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. మధ్యలో రెండుసార్లు నా పదోన్నతి సంగతి వచ్చింది. అది ఎందుకు చెప్పానో నాకే తెలియదు.

అతను గుడ్డను బకెట్టులో ముంచి, తీసి, మళ్లీ ముంచాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"లైసెన్సు మూడు నెల్లకు వస్తది సార్," అన్నాడు చివరికి. "నా బిడ్డతోని మీకు సారీ చెప్పిచ్చిన. నిజం మాట్లాడిన పిల్లతోని. అది ఎట్ల వాపస్ తీసుకోవాలె సార్? మీకు అర్జీలు ఎరుక గదా, చెప్పుండ్రి."

అతను గుడ్డ పిండుకుని మిగిలిన సగం కారు తుడిచి, బకెట్టు తీసుకుని పక్క కారు దగ్గరకు వెళ్లాడు. మరునాటి నుంచి నా కారు జోలికి రాలేదు.

10. పై కారణాల చేత తమను వేడుకొనునది:

(అ) ధర్మయ్య లైసెన్సును వెంటనే పునరుద్ధరించవలెను. నిలుపుదలలో ఇప్పటికి నలభై రెండు రోజులు గడిచాయి. ఇంకొక్క రోజు కూడా గడవనీయవద్దు.

(ఆ) అతని వల్ల ఏ తప్పూ జరగలేదని అతని కంపెనీకి తమ ముద్రతో ఒక లేఖ ఇప్పించవలెను. నా మాట మీద వారు నమ్మరు, నమ్మకూడదు కూడా.

(ఇ) నా లైసెన్సును దీనికి జతపరిచాను. తప్పుడు వాంగ్మూలం ఇచ్చినందుకు నాపై చట్టప్రకారం చర్య తీసుకోవలెను. నా శాఖ చిరునామా వెనుక పుటలో ఉంది. ఈ అర్జీ నకలు అక్కడికి పంపితే నా పదోన్నతి ఆగుతుందని, ఇంకా పెద్దది కూడా జరగవచ్చునని తెలిసే రాస్తున్నాను.

11. మొన్నొకసారి వచ్చినప్పుడు తమ గది బయట పేరు చూసి తమరు తెలుగువారని గ్రహించాను. ఇంగ్లీషు ప్రతి కూడా జతచేశాను గానీ, దీన్ని ముందుగా తెలుగులో రాయడానికి కారణం వేరు. తమకు చేరకముందు దీన్ని ధర్మయ్య చదవాలి. నిన్న పార్కింగు గట్టు మీద కూర్చుని అక్షరం అక్షరం చదివాడు. మూడవ అంశంలో నేను "నిరక్షరాస్యుడు" అని రాసి ఉంటే వేలు పెట్టి చూపి, "నాకు తెలుగు వస్తది సార్," అన్నాడు. కొట్టివేశాను. మిగతాది ఉన్నది ఉన్నట్టే ఉండనిమ్మన్నాడు.

నా కోసం కాకపోయినా, అతని కోసం చిత్తగించవలెనని ప్రార్థన.

ఇన్నాళ్లూ అందరికీ విధేయుడినని రాసుకుని, ఇంటికి వచ్చిపోయే మనిషి పట్ల నిజాయితీగా ఉండలేకపోయిన,

తమ విధేయుడు,
సుందరరామయ్య

తా.క.: అయ్యా, ఇది తమ కార్యాలయం వరండాలో నిలబడి పెన్నుతో రాస్తున్నాను, చేతిరాతకు మన్నించండి. పొద్దున ఇంద్రజ దగ్గరకు వెళ్లి, నేను అబద్ధమాడానమ్మా, ఆ సారీ చెప్పవలసింది నేను, అని చెప్పాను. "ఠీక్ హై అంకుల్," అంది. అంతే. ఈ అర్జీ ఇవ్వడానికి వెళ్తున్నానంటే చెప్పులు వేసుకుని బయల్దేరింది. ఒక్కడినే వెళ్లి ఇస్తానులే అంటే, "నహీ. ఆప్ అందర్ జాకర్ ఫిర్ బదల్ దోగే," అంది. లోపలికి వెళ్లాక మళ్లీ మాట మార్చేస్తానని ఆ పిల్ల భయం. కాదని చెప్పే మొహం నాకు లేదు. ఇప్పుడు తమ గది బయట బెంచీ మీద, నాకు కాస్త దూరంగా కూర్చుని ఉంది. దయచేసి మమ్మల్ని తొందరగా లోపలికి పిలవండి. ఆ అమ్మాయికి రెండింటికి క్లాసు ఉంది.